మంచు సముద్రములో క్రిస్మస్: డాక్టర్ ఎడ్వర్డ్ విల్సన్ జీవితము

క్రిస్మస్ అనగానే మన కన్నులకు కట్టునది మన ఊరి గుడి, వెదురుబద్దలతో కట్టిన నక్షత్రము, వేకువజామున వీధులలో పాడుచు తిరుగు యువజనుల గుంపు, అమ్మ చేతి అరిసెలు. దూరప్రాంతములలో పనిచేయు మన బిడ్డలు డిసెంబరు వచ్చినంతనే ఇంటిదారి పట్టవలెనని తహతహలాడుట మనమెరుగుదుము. ఇంటికి రాలేనివారు, గుడియు గురువును లేనిచోట నున్నవారు, ఆ దినమును ఎట్లు గడుపుదురు? ఈ ప్రశ్న మనస్సున మెదలినప్పుడెల్ల నాకు డాక్టర్ ఎడ్వర్డ్ ఏడ్రియన్ విల్సన్ జ్ఞాపకమునకు వచ్చును. కెప్టెన్ స్కాట్‌తో కూడ దక్షిణ ధ్రువమును చేరి, తిరుగు ప్రయాణములో ప్రాణములు విడిచిన అయిదుగురిలో ఒకనిగా మనలో పలువురు ఆయన పేరును విని యుందురు. ఆయన దైవభక్తిని ఎరిగినవారు తక్కువ. 1901 మొదలు 1911 వరకు వచ్చిన పదునొకండు క్రిస్మస్ పండుగలలో అయిదింటిని ఆయన భూగోళపు ఆవలి అంచున, సముద్రముమీదనో మంచుమీదనో గడిపెను.

విల్సన్ 1872వ సంవత్సరము జూలై 23వ తేదీన ఇంగ్లాండులోని చెల్టెన్‌హామ్ పట్టణములో ఒక వైద్యుని ఇంట జన్మించెను. పదిమంది బిడ్డలలో ఆయన ఐదవవాడు. చిన్ననాటి నుండి పక్షులనిన ఆయనకు ప్రాణము. వాటిని వెదకుచు పొలములవెంట తిరుగుట, చూచినదానిని చూచినట్లు చిత్రించుట, ఈ రెండే ఆయన ఆటలు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో ప్రకృతి శాస్త్రములు చదివి 1894లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడై, వైద్యవిద్య కొరకు లండనులోని సెయింట్ జార్జి ఆసుపత్రిలో చేరెను. పగలు ఆసుపత్రి, రాత్రి బాటర్సీ పేటలోని మిషను గృహము. ఆ పేటలోని బీదపిల్లలను కూడదీసి ఆదివారములందు వారికి వాక్యము బోధించుచుండెను. తనకు తిండి ఉన్నదో లేదో చూచుకొనెడివాడు కాడు. 1898లో ఆయన ఊపిరితిత్తులకు క్షయవ్యాధి సోకెను. ఆ రోజులలో క్షయ అనిన మరణశాసనమే. నార్వే దేశమునకును, స్విట్జర్లాండులోని దావోస్ కొండలకును పంపబడి, నెలల తరబడి పరుపుపై నుండి, కోలుకొని తిరిగి వచ్చి 1900లో వైద్యపట్టము పొందెను. బాటర్సీ మిషను గృహములో పరిచయమైన ఒరియానా అను పాదిరిగారి కుమార్తెను 1901 జూలై 16న వివాహమాడెను. పెండ్లియైన మూడు వారములకే ఆయన ఓడనెక్కెను.

ఈ తొందరకు కారణము చెప్పవలెను. దక్షిణ ధ్రువప్రాంతమును శాస్త్రరీత్యా పరిశోధించుటకై ఇంగ్లాండువారు డండీ రేవులో డిస్కవరీ అను ఓడను ప్రత్యేకముగా కట్టించిరి. పొడవు 172 అడుగులు; కొయ్యతో కట్టిన ఓడ. భూమియొక్క అయస్కాంత శక్తిని కొలుచు పరికరములకు ఆటంకము కలుగకుండ, ఆ పరికరశాలకు 30 అడుగుల దూరములో ఇనుమను మాటయే లేకుండ దానిని కట్టిరి. దానిలో రెండవ వైద్యునిగాను, జంతుశాస్త్రజ్ఞునిగాను, చిత్రకారునిగాను విల్సన్‌ను ఎన్నుకొనిరి. అయితే వైద్యపరీక్షకులు ఆయన ఊపిరితిత్తుల మచ్చలను చూచి, ఈయన తగడనిరి. తన ప్రాణమునకు తానే బాధ్యుడనని విల్సన్ చెప్పగా స్కాట్ ఒప్పుకొనెను. కొత్త పెండ్లికూతురు దీనికి సమ్మతించెనా అని మన ఇండ్లలోని స్త్రీలు అడుగుదురు. సమ్మతించెను. ఇది దేవుడు అప్పగించిన పని అని భార్యాభర్తలిద్దరును నమ్మిరి. ఆ నమ్మకమునకు ఆమె చెల్లించిన వెల ఆయన చెల్లించినదానికంటె తక్కువ కాదు.

1901 ఆగస్టు 6న బయలుదేరిన డిస్కవరీ సంవత్సరాంతమునకు న్యూజిలాండు చేరెను. డిసెంబరు 21న లిటిల్టన్ రేవు విడుచు సమయమున గట్టంతయు జనము, వాద్యములు, జయధ్వానములు. ఆ ఉత్సాహములో చార్లెస్ బోనర్ అను యువనావికుడు తెరచాప కొయ్య చిట్టచివరికి ఎక్కి చేతులూపుచుండెను. ఓడ సముద్రపు అలలు తాకి ఊగినంతనే పట్టు తప్పి పైనుండి పడి అక్కడికక్కడే మరణించెను. పోర్ట్ చామర్స్‌లో అతనిని సమాధిచేసి, డిసెంబరు 24న ఓడ దక్షిణమునకు సాగెను. మరునాడే క్రిస్మస్. నేల కనబడని సముద్రము, ఒక ఖాళీ పడక, నలుబదికి పైబడిన మనుష్యులు. పండుగ చేయుటకు ఎవరికిని మనసు రాలేదు. ఆ దినమును ఊరకుండనిచ్చి, పండుగను వాయిదా వేసిరి.

పదునొకండు దినములు గడచెను. జనవరి 3న ఓడ అంటార్కిటిక్ వలయమును దాటెను. జనవరి 5 ఆదివారము. చుట్టును తేలియాడు తెల్లని మంచుపలకలు, అస్తమింపని సూర్యుడు. ఓడను ఒక పెద్ద మంచుపలకకు కట్టివేసి, ఆ దినమునే క్రిస్మస్‌గా ఆచరించిరి. ఆరాధన జరిగెను. పిమ్మట అందరును మంచుమీదికి దిగి, మంచుపై జారు పొడవాటి స్కీ చెక్కలను కాళ్లకు కట్టుకొని నడక నేర్చుకొనసాగిరి. వారిలో పలువురు మంచును అంత దగ్గరగా చూచుట అదే మొదటిసారి. పడనివాడు లేడు, నవ్వనివాడు లేడు. బోనర్ చనిపోయిన తరువాత ఆ ఓడపై అంత నవ్వు వినబడుట అదే ప్రథమము.

పండుగ తేదీని మార్చుట తగునా అని సందేహించువారు ఉందురేమో. డిసెంబరు 25 సంఘము ఏర్పరచుకొనిన దినమే గాని లేఖనము నిర్ణయించినది కాదు. అర్మేనియా దేశపు ప్రాచీన సంఘము నేటికిని ప్రభువు జన్మమును జనవరి 6న ఆచరించుచున్నది. ఏడ్చువారితో ఏడ్చిన తరువాతనే సంతోషించువారితో సంతోషించుట ఆ ఓడవారు ఎరిగి చేసిరో ఎరుగక చేసిరో గాని, వారు చేసినది సరియే అని నా తలంపు.

ఫిబ్రవరిలో ఓడ మెక్‌ముర్డో జలసంధి చేరి అచ్చటనే మంచులో బిగుసుకొనెను. అట్లు రెండు శీతకాలములు కదలక నిలిచెను. ప్రతి ఆదివారమును స్కాట్ ప్రార్థనలు చదువుచుండగా, రాయిడ్స్ అను అధికారి చిన్న హార్మోనియముపై కీర్తనలు వాయించుచుండెను. విల్సన్ మాత్రము బోధింపలేదు. తన విశ్వాసమును గూర్చి భోజనపు బల్లయొద్ద వాదింపలేదు. రోగిని చూచుట, చలికి వ్రేళ్లు కొంకరలు పోవుచుండగనే ఆకాశపు రంగులను చిత్రించుట, తగవులాడిన ఇద్దరిని మాటలు లేకుండనే కలుపుట, ఇదియే ఆయన పరిచర్య.

1902 క్రిస్మస్ ఆయనకు ఓడపై గడచలేదు. స్కాట్, షాకిల్టన్, విల్సన్ ముగ్గురును మంచుబండ్లు లాగుకొనుచు దక్షిణమునకు నడచుచుండిరి. ఆకలితో వారికి కలలు కూడ తిండిని గూర్చియే వచ్చుచుండెను. ఆ దినమున షాకిల్టన్ తన సంచిలోనుండి ఒక మేజోడును తీసి, దానిలో దాచిపెట్టిన ఉండవంటి చిన్న ప్లమ్ పుడ్డింగును బయటపెట్టెను. దానిపై గుచ్చుటకు కాగితపు ఆకుల రెమ్మయొకటి సహా తెచ్చెను! వారాల తరబడి దానిని ఒక్కడే తినక మోసిన ఆ స్నేహితుని ప్రేమయే ఆ నాటి విందు. పండుగ వెళ్లినంతనే మంచు వెలుగునకు విల్సన్ కన్నులు మండిపోగా, గంతలు కట్టుకొని బండి లాగవలసి వచ్చెను. డిసెంబరు 30న వారు 82 డిగ్రీల 17 నిమిషముల దక్షిణ అక్షాంశమును చేరి వెనుకకు తిరిగిరి.

1904లో ఇంటికి చేరిన తరువాతి ఆరేండ్లను త్వరగా దాటిపోవుదును. స్కాట్‌లాండు కొండలలోని గ్రౌస్ పక్షులకు వచ్చిన తెగులును పరిశోధించుటకు నియమింపబడి, రమారమి 2,000 పక్షులను కోసి పరీక్షించెను. 1907లో షాకిల్టన్ తన ఓడకు రమ్మని బతిమాలినను, చేపట్టిన పనిని నడుమ విడువజాలక వెళ్లలేదు. స్కాట్ మరల పిలిచినప్పుడు ఆ పని ముగింపునకు వచ్చియుండెను. ఈసారి శాస్త్రజ్ఞుల బృందమునకు ఆయనయే పెద్ద. చిన్నవారందరును ఆయనను బిల్ మామయ్య అని పిలువసాగిరి.

ఆ ఓడ పేరు టెర్రా నోవా. తిమింగలములను, సీలు జంతువులను వేటాడుటకు 1884లో కట్టిన పాత కొయ్య ఓడ. 1910 నవంబరు 29న పోర్ట్ చామర్స్ విడిచినప్పుడు, న్యూజిలాండు వరకు వెంట వచ్చిన ఒరియానా రేవు వెలుపల ఆయనయొద్ద సెలవు తీసికొనెను. రెండు దినములకే భయంకరమైన తుపాను. బొగ్గుపొడియు నూనెయు కలిసి గడ్డకట్టి పంపులు పూడుకొనిపోయెను. నీరు లోనికి వచ్చి ఆవిరి యంత్రము ఆగిపోయెను. శాస్త్రజ్ఞులు, నావికులు అనక అందరును నిలువు వరుసగా నిలిచి బక్కెట్లతో గంటల తరబడి నీరు తోడిరి. రెండు గుర్రములు, ఒక కుక్క చచ్చెను. ఆకాశము సిరావలె నల్లబడి, ఇక ఆశ లేదనిపించిన క్షణమున అర నిమిషము పాటు సంపూర్ణమైన ఇంద్రధనుస్సు కనబడి మాయమయ్యెనని విల్సన్ తన దినచర్యలో వ్రాసికొనెను. నోవహు కథను చిన్ననాడే కంఠస్థము చేసినవానికి అది ఏమి చెప్పెనో వేరుగ చెప్పనక్కరలేదు. ఓడ మునుగదని ఆయనకు ఆ క్షణముననే రూఢియైనది.

డిసెంబరు 9న ఓడ తేలు మంచులో ప్రవేశించెను. నాలుగు దినములలో దాటుదుమనుకొనిన మంచు మూడు వారములు వారిని చెరపట్టెను. బొగ్గు తరుగుచుండెను, నిలువుకాళ్లపై నున్న గుర్రములు చిక్కిపోవుచుండెను, స్కాట్ ముఖమున చింత. ఈ దినములలో విల్సన్ ఎచ్చటనుండెను? తెరచాప కొయ్య శిఖరమున, ఒక పీపాలో.

దారి చూచు నావికుడు నిలుచుటకై కొయ్యపైన కట్టిన పీపాను ఆంగ్ల నావికులు కాకిగూడు అందురు. ఈ మాటను తెలుగు చేయునప్పుడు నేను కొంతసేపు కలము నిలిపితిని. మంచె అనినయెడల, జొన్నచేలలో పిట్టలను తోలు మంచె మనకు తెలిసినదే గనుక, అర్థము సులభముగా తెలియును. అయినను కాకిగూడు అనియే ఉంచితిని. దేవుని బలిపీఠము చెంత గూడు దొరికిన పిచ్చుకను చూచి ముచ్చటపడిన కీర్తనకారునికి ఈ మాట నచ్చును. ఎందుకనగా ఆ గూడు విల్సన్‌కు ప్రార్థనాలయము. ఓడలో అడుగు మోపుటకు చోటు లేదు. డజన్లకొలది మనుష్యులు, గుర్రములు, కుక్కలు, బొగ్గుసంచులు. ఏకాంతమున మోకరించుటకు మూల యొకటియు లేదు. అందుచేత తాళ్ల నిచ్చెన ఎక్కి ఆ పీపాలో కూర్చుండి, క్రిందనున్న ధవళ ప్రపంచమును చూచుచు, గంటలకొలది ధ్యానించుచుండెను. దేవునితోను, తలంపులో తన భార్యతోను అచ్చట ఏకాంతముగా నుండెను. ఈ సంగతి ఆయన ఓడలోని వారెవరికిని చెప్పుకొనలేదు, భార్యకు మాత్రము వ్రాసెను. ఆయన మరణించిన ఇరువదేండ్లకు, 1933లో జార్జి సీవర్ వ్రాసిన జీవితచరిత్ర వలన లోకమునకు తెలిసెను.

ఇది చదివి ఆయన ముక్తసరి మనిషియని యెంచవద్దు. అదే డిసెంబరులో మంచుపలకపై బోర్లపడుకొని గొంతెత్తి ఒక హాస్యపు పాట పాడుచు పెంగ్విన్ పక్షులను దగ్గరకు రప్పించెను. పాడినంతసేపు అవి పరుగున వచ్చెడివి, ఆపినంతనే తిరిగి పోయెడివి. ఓడవారు పొట్టలు చెక్కలగునట్లు నవ్విరి.

ఆ సంవత్సరము క్రిస్మస్ ఆదివారమే వచ్చెను. ఓడ 69 డిగ్రీల దక్షిణ అక్షాంశమునకు సమీపమున కదలక నిలిచియుండెను. ఉదయమున స్కాట్ ఆరాధన నడిపించెను, రానివాడు లేడు, కీర్తనలు ఓడ దద్దరిల్లునట్లు పాడిరి. అధికారుల భోజనశాలను మంచుబండ్లకు కట్టు రంగురంగుల జెండాలతో అలంకరించిరి. ఆ జెండాలలో కొన్నిటిని వారి వారి తల్లులు, భార్యలు, అక్కచెల్లెండ్రు కుట్టి ఇచ్చియుండిరి గనుక, ఆ గదిలో ఇంటివారి చేతిపని తలలపై వ్రేలాడుచుండెను. నావికులకు మధ్యాహ్నమున విందు, అధికారులకు సాయంకాలము ఆరు గంటలకు. టమాటా పులుసు, ఉడికించిన పెంగ్విన్ మాంసము, కాల్చిన గొడ్డుమాంసము, ప్లమ్ పుడ్డింగు. మద్యములును ఉండెను, మన సంఘములవారు దానిని మెచ్చరు, అయినను జీవితచరిత్ర వ్రాయువాడు దానిని దాచరాదు. భోజనము ఒక గంటలో ముగిసినను పాటలు అయిదు గంటలు సాగెను. గొంతు ఉన్నవారు తక్కువ. పాడనివారు ఎవరును లేరు. క్రీన్ అను నావికుడు పెంచుకొనుచున్న కుందేలు ఆ దినముననే 17 పిల్లలను పెట్టెను. అతడు ముందుగనే 22 పిల్లలను పంచిపెట్టెదనని మాట ఇచ్చియుండెనని తోటివారు ఎగతాళి చేసిరి. పశువుల మధ్య జరిగిన జననమును స్మరించు దినమున ఆ ఓడలో గుర్రములు, కుక్కలు, కుందేలు సహా పాలుపొందెనని నేను చెప్పినయెడల అతిశయోక్తి కాదు.

ఆ రాత్రి చీకటి లేదు. మంచుపై సూర్యుడు ఎర్రగా నిలిచియుండెను. అయిదు దినములకు, డిసెంబరు 30న, మంచు విడి ఓడ బయటపడెను.

తరువాతి కథ ప్రసిద్ధమే. 1911 నడిశీతకాలపు చీకటిలో విల్సన్, బోవర్స్, చెర్రీ-గారార్డ్ ముగ్గురు ఎంపరర్ పెంగ్విన్ గ్రుడ్ల కొరకు అయిదు వారములు ప్రయాణించిరి. చలి సున్నాకు 60 డిగ్రీల సెంటీగ్రేడు దిగువకు పడెను. తుపాను వారి గుడారమును ఎగురగొట్టగా, ఇక మరణమే అనుకొని మంచులో పడుకొని కీర్తనలు పాడిరి. గాలి తగ్గిన పిమ్మట గుడారము కొంత దూరమున దొరికెను. మూడు గ్రుడ్లు తెచ్చిరి. ఆ సంవత్సరపు క్రిస్మస్ ధ్రువమునకు పోవు దారిలో, ఎత్తైన మంచు మైదానముపై జరిగెను. 1912 జనవరి 17న ధ్రువము చేరినప్పుడు నార్వే దేశపు జెండా అచ్చట ఎగురుచుండెను. అమండ్‌సెన్ నెల దినములకు ముందే వచ్చి వెళ్లెను.

తిరుగు దారిలో, ఫిబ్రవరిలో, బియర్డ్‌మోర్ హిమానదము ప్రక్క కొండలయొద్ద ఆగి విల్సన్ రాళ్లు ఏరెను. మొత్తము 16 కిలోల బరువు. నడువలేని స్థితిలో కూడ వారు వాటిని పారవేయలేదు. ఆ రాళ్లలో గ్లోసోప్టెరిస్ అను లుప్తవృక్షపు ఆకుల ముద్రలుండెను. అవే ఆకుల ముద్రలు మన గోదావరి లోయ బొగ్గుపొరలలోను దొరకును. ఒకప్పుడు అంటార్కిటికాయు మన దేశమును ఒకే ఖండముగా నుండెననుటకు అది సాక్ష్యము. ఆ ఖండమునకు గోండుల దేశము పేరుమీద గోండ్వానా అను పేరు కలిగెను. సింగరేణి బొగ్గు చేతపట్టినవారు విల్సన్ చివరి పనికి బంధువులే.

మార్చి చివరలో, ఆహారపు నిలువకు పదునొకండు మైళ్ల దూరమున, స్కాట్, బోవర్స్, విల్సన్ తమ గుడారములో మరణించిరి. అంతము వచ్చునప్పుడు తన చిన్న క్రొత్త నిబంధనయు ప్రార్థన పుస్తకమును తన చేతనో రొమ్ము జేబునో ఉండునని విల్సన్ ఒరియానాకు చివరి ఉత్తరములో వ్రాసెను. 1912 నవంబరు 12న వెదకుటకు వచ్చినవారు ఆ గుడారమును కనుగొనిరి.

1913 జనవరి 18న టెర్రా నోవా మరల వచ్చెను. ఏమి జరిగినదో ఓడలోనివారికి తెలియదు. జయించి వచ్చువారిని ఎదుర్కొనుటకై ఓడను కడిగి, మునుపటి క్రిస్మస్ దినమున వలెనే భోజనశాలను జెండాలతో అలంకరించి, బల్లపై విందు సిద్ధపరచి, ఇంటినుండి వచ్చిన ఉత్తరములను ఎవరివి వారికి మూటలు కట్టి ఉంచిరి. తీరమునుండి వార్త వినిన తరువాత జెండాలు దించిరి. రాని అయిదుగురి ఉత్తరములను విడదీసి ఒక ప్రక్కన పెట్టిరి. తరువాత ఓడ వడ్రంగి జర్రా కొయ్యతో తొమ్మిది అడుగుల సిలువను చేసెను. ఆ అయిదుగురి పేర్లు చెక్కి, దానిని మోసికొనిపోయి అబ్జర్వేషన్ కొండ శిఖరమున నిలిపిరి. ఆ సిలువ ఇప్పటికిని అచ్చటనే యున్నది. దాని యొద్ద నిలిచి చూచినయెడల, విల్సన్ యువకుడై యుండగా డిస్కవరీ రెండు శీతకాలములు మంచులో నిలిచిన రేవు క్రింద కనబడును.